ఆసుపత్రిలో చేరితే షుగర్ మాత్రలన్నీ ఆపాల్సిందేనా?

వార్డు రౌండ్లో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘‘సార్, మా నాయనకు ఇంట్లో మాత్రలతోనే షుగర్ బాగుండేది. ఈడికొచ్చినాక సూది మొదలుపెట్టినారు. ఒకసారి ఏసుకుంటే ఇంక జీవితాంతం ఏసుకోవాల్నంట గదా?’’ పక్క మంచం దగ్గరికి వెళ్తే సరిగ్గా దీనికి ఎదురు ఫిర్యాదు. ‘‘మాయమ్మకు షుగర్ ఉందని మొదటి దినమే చెప్పినా. మూడు దినాలైంది, ఒక్క షుగర్ బిళ్ళ ఇయ్యలేదు. పైగా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాండారు సార్!’’

రెండూ న్యాయమైన సందేహాలే. మేం చాలాసార్లు వాటికి జవాబు చెప్పకుండా తర్వాతి మంచం దగ్గరికి నడిచిపోతాం. జవాబు దొరకని కుటుంబం తనకు తోచింది చేస్తుంది. ఆ తోచింది ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

పదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ టీచరు ఒకాయన చలిజ్వరంతో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ అయ్యారు. క్రియాటినిన్ కొంచెం పెరిగింది. ‘షుగర్ మాత్రలు ఆపండి, షుగర్ చూసి ఇన్సులిన్ వేయండి’ అని కేసు షీటులో రాశాను. రాసింది సరైనదే. కానీ ఆ మాట ఆయన భార్యకు చెప్పలేదు. ఆమె చేతిసంచిలో ఏ మాత్రలున్నాయో అడగలేదు. ఎన్నో ఏళ్ళుగా వేళ తప్పకుండా ఆయనకు మాత్ర అందించిన మనిషి ఆమె. ఆసుపత్రిలో మర్చిపోయారేమో అనుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చేశారు. ఆ రాత్రి ఆయన తిన్నది రెండు ముద్దల పెరుగన్నం.

తెల్లవారుజామున మూడింటికి చొక్కా తడిసిపోయేంత చెమట. జ్వరం దిగుతోందని ఇంట్లోవాళ్ళు ఊరట పడ్డారు. మాట తడబడేసరికి సిస్టరును పిలిచారు. వేలి మీద చూస్తే షుగర్ 34. నరం ద్వారా గ్లూకోజు ఇస్తే లేచి కూర్చున్నారు. గంటన్నరకు మళ్ళీ పడిపోయింది. మర్నాడు సాయంత్రం దాకా డ్రిప్ తీయలేకపోయాం. అప్పుడు అడిగితే సంచి తెరిచి చూపించారు. ఒకే బిళ్ళలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ ఉన్నాయి.

ఆయన బతికారు. ఆ రాత్రి తప్పు ఆ తల్లిది కాదు, నాది. అప్పటినుంచి నా అలవాటు మారింది, అభిప్రాయమూ మారింది. ఆసుపత్రిలో చేరిన షుగర్ పేషెంటుకు ‘మాత్రలన్నీ ఆపు, అందరికీ ఇన్సులిన్’ అనేది గుడ్డిగా పాటించాల్సిన సూత్రం కాదు. ‘ఇంటి మాత్రలు ఇంటి మాత్రలే, అవీ నడవనీ’ అనేదీ కాదు. ఏ మాత్ర ఆగాలి, ఏది ఉండొచ్చు, ఇన్సులిన్ ఎవరికి తప్పదు అన్నది మొదటిరోజే కుటుంబం ముందు తేలిపోవాలి.

ఇన్సులిన్ ఎందుకు వేస్తారు?

ముందుగా ఇన్సులిన్ పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. జ్వరం, ఇన్ఫెక్షన్, గుండెపోటు, ఆపరేషన్... ఏదైనా సరే ఒంటికి కష్టం వచ్చినప్పుడు కార్టిజాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయం నుంచి చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి, ఉన్న ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. అందుకే ఇంట్లో 140 ఉన్న షుగర్ ఆసుపత్రిలో 280 చూపిస్తుంది. అదే సమయంలో తిండి సరిగా ఉండదు, వాంతులుంటాయి, కిడ్నీల పని రోజురోజుకూ మారుతుంది. మాత్ర మింగాక దాని పని గంటల తరబడి, కొన్ని మాత్రలదైతే రోజంతా సాగుతుంది. ఇన్సులిన్ మోతాదును మాత్రం పూటపూటకూ మార్చుకోవచ్చు. 

కాబట్టి కొందరికి ఇన్సులిన్ తప్ప మరో దారి లేదు. టైప్-1 మధుమేహం ఉన్నవాళ్ళు, రక్తంలో కీటోన్లు పెరిగినవాళ్ళు, ఐసీయూలో ఉన్నవాళ్ళు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళు, షుగర్ 300 దాటి దిగనివాళ్ళు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు తీసుకుంటున్నవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. గర్భిణులకూ ఆసుపత్రిలో ఇన్సులినే ప్రధానం. 2021లో కొవిడ్ రెండో వేవ్‌లో ఏం జరిగిందో మనం చూశాం. స్టెరాయిడ్లతో షుగర్ అదుపు తప్పినవాళ్ళలో బ్లాక్ ఫంగస్ ఎన్ని కళ్ళను, దవడలను పొట్టన పెట్టుకుందో గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో వేళకు ఇన్సులిన్ పడ్డవాళ్ళకు అదే రక్ష అయింది. ఇన్సులిన్ అంటే జబ్బు ముదిరిందన్న ముద్ర కాదు. జబ్బు తగ్గాక చాలామంది మళ్ళీ మాత్రల మీదికి వెళ్ళిపోతారు.

గ్లూకోజు బాటిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పేషెంటు ఏమీ తిననప్పుడు ఒంటికి కొంత గ్లూకోజు అందాలి. లేకపోతే శరీరం కొవ్వును కరిగించుకుని కీటోన్లు తయారుచేస్తుంది. తగినంత ఇన్సులిన్ ఇస్తూ, షుగర్ చూసుకుంటూ గ్లూకోజు ఎక్కించడం తప్పు కాదు. ఎందుకు ఎక్కిస్తున్నామో చెప్పకపోవడమే తప్పు.

మరీ తగ్గించినా ముప్పే

షుగర్ ఎంత తగ్గిస్తే అంత మంచిదని ఒకప్పుడు మేమూ నమ్మాం. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఉన్న పేషెంట్లకు షుగర్‌ను 80-110 మధ్య బిగించి ఉంచితే మరణాలు తగ్గాయి. ప్రపంచమంతా ఆ బాట పట్టింది. 2009లో ‘నైస్-షుగర్’ అనే మరింత పెద్ద పరిశోధన వచ్చింది. ఆరువేల మందికి పైగా ఐసీయూ పేషెంట్లు అందులో ఉన్నారు. షుగర్‌ను గట్టిగా బిగించినవాళ్ళలో 90 రోజుల్లో నూటికి 27.5 మంది చనిపోతే, 180 లోపు ఉంటే చాలనుకున్నవాళ్ళలో 24.9 మంది చనిపోయారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మొదటి గుంపులో 6.8 శాతం, రెండో గుంపులో 0.5 శాతం. ఆ తర్వాతే 140-180 మధ్య ఉంటే చాలన్న మాట స్థిరపడింది. మీ నాన్నగారి షుగర్ వార్డులో 165 ఉంటే డాక్టరు కంగారు పడకపోవడానికి కారణం ఇదే. నిర్లక్ష్యం కాదు.

రెండో సంగతి, ‘షుగర్ చూడు, ఎంతుంటే అంత సూది వెయ్’ అనే పాత పద్ధతి గురించి. చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ నడిచేది ఇదే. షుగర్ పెరిగాక దాని వెంట పరుగెత్తడమే తప్ప పెరగకుండా ఆపడం ఇందులో లేదు. రోజుకు ఒక దీర్ఘకాలిక ఇన్సులిన్, ప్రతి భోజనానికి ముందు ఒక చిన్న మోతాదు... ఇలా క్రమపద్ధతిలో ఇస్తే షుగర్ ఎంతో మెరుగ్గా అదుపులో ఉంటుందని 2007లో అమెరికాలో డాక్టర్ గిలెర్మో ఉంపియరెజ్ బృందం చూపించింది. కానీ దానికి రోజుకు నాలుగు సూదులు, నాలుగైదు సార్లు వేలి పరీక్ష, వేళకు భోజనం కావాలి.

అదే బృందం తర్వాత మరో ప్రశ్న వేసుకుంది. షుగర్ మరీ ఎక్కువ లేని పేషెంట్లకు కూడా ఇన్ని సూదులు అవసరమా? 2017లో వెలువడిన ‘సీటా-హాస్పిటల్’ పరిశోధనలో 277 మంది వార్డు పేషెంట్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు సూదుల పద్ధతి. రెండో గుంపుకు రోజుకొక సీటాగ్లిప్టిన్ మాత్ర, ఒక దీర్ఘకాలిక ఇన్సులిన్ సూది. రెండింటిలోనూ సగటు షుగర్ దాదాపు సమానంగా, 170 దగ్గర నిలిచింది. 2022లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ తన మార్గదర్శకాల్లో, షుగర్ స్వల్పంగా పెరిగిన ఎంపిక చేసిన వార్డు పేషెంట్లకు గ్లిప్టిన్ మాత్రలు వాడవచ్చని చెప్పింది. ఇది ఐసీయూ పేషెంట్ల మాట కాదు. వార్డులో ఉండి, నోటితో తింటూ, షుగర్ 200 అటూఇటూ ఉన్నవాళ్ళ మాట.

ఏది ఆగాలి, ఏది ఉండొచ్చు?

మన ఇళ్ళల్లో వాడే షుగర్ మాత్రలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఇది చదివి ఎవరూ సొంతంగా మార్పులు చేసుకోవద్దు. డాక్టరును ఏం అడగాలో తెలియడానికే చెబుతున్నాను.

మెట్‌ఫార్మిన్: బయట ఇంతకంటే నమ్మకమైన మాత్ర లేదు. ఆసుపత్రిలో మాత్రం జాగ్రత్త. కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతిన్నప్పుడు, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు, ఆక్సిజన్ తగ్గినప్పుడు, కాలేయం చెడినప్పుడు ఇది లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదాన్ని పెంచుతుంది. కిడ్నీ పనితీరును చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువుంటే అసలు వాడకూడదు. కిడ్నీ సరిగా లేనివాళ్ళకు రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీసేటప్పుడు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్ళీ మొదలుపెడతారు. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళకూ ఆపేస్తాం. కాలి వేలికి చిన్న పుండు కట్టు కోసం చేరి, చక్కగా తింటున్న మనిషికి కిడ్నీలు బాగుంటే కొనసాగించడంలో తప్పులేదు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్: వీటి విషయంలో నేను కఠినంగానే ఉంటాను. ఇవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మనిషి తిన్నాడా లేదా అన్నది వాటికి పట్టదు. తిండి తగ్గి, కిడ్నీలు మందగించిన వృద్ధుల్లో షుగర్ పడిపోతే ఒక్కసారితో ఆగదు. గ్లూకోజు ఇచ్చాక లేచినా గంటల్లో మళ్ళీ పడుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ అయితే ఒక రోజు దాటినా వదలకపోవచ్చు. పైగా ఆసుపత్రిలో ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ వీటితో కలిస్తే షుగర్ ఇంకా పడిపోవచ్చు. అడ్మిషన్ రోజుల్లో ఈ రకం ఆపడమే క్షేమం.

గ్లిప్టిన్లు: సీటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్. తిన్నప్పుడు, షుగర్ పెరిగినప్పుడు మాత్రమే ఇన్సులిన్‌ను పెంచే మాత్రలివి. ఒంటరిగా వాడినప్పుడు షుగర్‌ను ప్రమాదకరంగా పడేయడం అరుదు. లినాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్‌లకు కిడ్నీ జబ్బులో మోతాదు మార్చనక్కర్లేదు. సీటాగ్లిప్టిన్‌కు తగ్గించాలి. వీటికీ హద్దులున్నాయి. గతంలో క్లోమం వాపు వచ్చినవాళ్ళకు వాడం. సాక్సాగ్లిప్టిన్‌తో గుండె వైఫల్యం కారణంగా ఆసుపత్రిలో చేరడం పెరిగిందని 2013లోనే తేలింది కాబట్టి గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు అది వద్దు. షుగర్‌ను భారీగా దించే శక్తి ఈ మాత్రలకు లేదు. స్వల్పంగా పెరిగినవాళ్ళకే పనికొస్తాయి.

గ్లిఫ్లోజిన్లు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి. చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేస్తాయి. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవాళ్ళకు, పరిస్థితి కుదుటపడ్డాక అక్కడే ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలుపెడితే 90 రోజుల్లో మేలు కనిపించిందని 2022లో వచ్చిన ‘ఎంపల్స్’ పరిశోధన చెప్పింది. కానీ తిండీ నీళ్ళూ లేని మనిషికి ఇదే మాత్ర ముప్పు. షుగర్ 180 మాత్రమే ఉన్నా కీటోన్లు పెరిగి ఆయాసం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు. షుగర్ ఎక్కువ లేదుకదా అని కుటుంబమే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ మోసపోతారు. అందుకే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజుల ముందు ఆపాలి. వచ్చే సోమవారం హెర్నియా ఆపరేషన్ పెట్టుకున్నవాళ్ళు ఆదివారం రాత్రి చెబితే అప్పటికే ఆలస్యం.

పయోగ్లిటజోన్: ఒంట్లో నీరు నిలుపుతుంది. గుండె వైఫల్యం, కాళ్ళవాపు ఉన్నవాళ్ళకు వద్దు.

వోగ్లిబోజ్, అకార్బోజ్: తిండిలోని పిండిపదార్థం, చక్కెర మెల్లగా అరిగేలా చేస్తాయి. తినని మనిషికి వీటితో పనిలేదు. ఇవి వాడేవాళ్ళకు షుగర్ పడిపోతే మామూలు పంచదార నీళ్ళు తొందరగా పనిచేయవు. గ్లూకోజు పొడే కలిపి ఇవ్వాలి. ఇంట్లో ఒక పొట్లం ఎప్పుడూ ఉంచుకోండి. 

మన దగ్గర అసలు చిక్కు ఏమిటంటే, ఇవి విడివిడిగా ఉండవు. ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు ఉంటాయి. బ్రాండు పేరు చివర ఒక అక్షరం, ఒక అంకె మారితే లోపలి మందే మారిపోతుంది. ‘తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి’ అని చెబితే మాకు ఏమీ తెలియదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఆపాలన్నా మొత్తం బిళ్ళ ఆపి, ఉండాల్సింది విడిగా రాయాలి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చూడనిదే ఆ పని కుదరదు.

మన ఊళ్ళలో ఎందుకు ముఖ్యం?

బద్వేలు లాంటి ఊళ్ళో ఈ చర్చ పుస్తకాల్లో ఉన్నట్టు ఉండదు. పోరుమామిళ్ళ నుంచో కలసపాడు నుంచో క్యారియరు బస్సులో రావాలి. సూది ఏడున్నరకు పడుతుంది, బస్సు తొమ్మిదిన్నరకు వస్తుంది. ఆ రెండు గంటలు పేషెంటు ఖాళీ కడుపుతో, ఒంట్లో ఇన్సులిన్‌తో ఉంటాడు. క్యారియరులో ఒక పూట రాగి సంగటి, ఒక పూట రెండు ఇడ్లీలు, ఒక పూట ‘తినబుద్ధి కాలేదు సార్’. నాలుగు సూదుల పద్ధతికి కావాల్సిన నిలకడైన భోజనం ఎక్కడ? రాత్రిపూట ఒకే సిస్టరు ఎంతోమందిని చూసుకునే వార్డుల్లో తెల్లవారుజామున మూడింటికి వేలి పరీక్ష ఎంతమందికి జరుగుతుంది?

ఎండాకాలం మరో లెక్క. మన సీమ ఎండల్లో చేనికాడ పనిచేసి, వాంతులు విరేచనాలతో ఎండిపోయి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ కిడ్నీలు అప్పటికే తాత్కాలికంగా దెబ్బతిని ఉంటాయి. ఆ రోజు పొద్దున కూడా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, గ్లిఫ్లోజిన్ మింగే వచ్చి ఉంటారు. మాత్ర మానకూడదన్న క్రమశిక్షణే ఆ రోజుకు శత్రువవుతుంది.

ఇక రిఫరల్. ఇక్కడ చూపించి కడప రిమ్స్‌కు, అక్కడినుంచి తిరుపతికి, లేకుంటే నేరుగా నెల్లూరుకు వెళ్ళే కేసులెన్నో. ప్రతి చోటా కొత్త డాక్టరు, కొత్త కేసు షీటు. మాత్రల సంచి మాత్రం ఇంట్లో బీరువా మీదే ఉండిపోతుంది. 

అందుకే నా అభిప్రాయం ఇది. వార్డులో చేరి, నోటితో తింటూ, షుగర్ 180 నుంచి 220-230 మధ్య ఉన్న టైప్-2 పేషెంటుకు, పైన చెప్పిన తీవ్ర సమస్యలేవీ లేకపోతే, మొదటి అడుగు గ్లిప్టిన్ మాత్ర కావచ్చు. అది చాలకపోతే రోజుకు ఒక్క దీర్ఘకాలిక ఇన్సులిన్ సూది కలపాలి. సిబ్బంది తక్కువ ఉన్న చిన్న ఆసుపత్రిలో, సరిగా కొలవలేని నాలుగు సూదుల కంటే సరిగా కొలవగల ఒక మాత్ర, ఒక సూది మేలు.

‘ఇది బద్ధకానికి సాకు కాదా?’

నా సహోద్యోగులే ఈ ప్రశ్న అడుగుతారు. పెద్ద నగరంలో పేషెంటుకు నాలుగు సూదులు, చిన్న ఊరి పేషెంటుకు ఒక బిళ్ళా? సిబ్బంది కొరతను మందుతో కప్పిపుచ్చడం కాదా? అభ్యంతరంలో బలముంది. ఈ పద్ధతిని ఎవరైనా ‘షుగర్ చూడనక్కర్లేదు’ అనడానికి వాడుకుంటే నేనే ముందు వ్యతిరేకిస్తాను.

కానీ ఈ పద్ధతి పుట్టింది చిన్న ఊళ్ళ కోసం కాదు. సిబ్బంది, సదుపాయాలు ఉన్న అమెరికా ఆసుపత్రుల్లోనే దీన్ని పరీక్షించి సరిపోతుందని చూపించారు. రెండోది, దీనికి గట్టి హద్దు గీయాలి. భోజనానికి ముందు, పడుకునే ముందు షుగర్ చూడాల్సిందే. మాత్ర మీద ఉండగా షుగర్ వరసగా 180 దాటుతుంటే ఆ రోజే ఇన్సులిన్ కలపాలి. ‘రేపు చూద్దాం’ అనే మాట ఉండకూడదు. 250, 300 అంటూ ఎక్కుతున్నా మాత్రలతోనే నెట్టుకొస్తే అది వైద్యం కాదు. అలాగే, అవసరమైన చోట ఇన్సులిన్ వద్దని పట్టుబట్టే కుటుంబానికి ఈ వ్యాసం ఆయుధం కాకూడదు. పాదం కుళ్ళిపోతూ షుగర్ 350 ఉన్న మనిషికి ‘పేపర్లో మాత్రలు చాలని రాశారు’ అంటే నేను ఒప్పుకోను. 

ప్రభుత్వం చేయాల్సింది

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా, అంటే పెద్దల్లో నూటికి 11.4 మందికి మధుమేహం ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఏ జబ్బుతో ఆసుపత్రికి వచ్చినా షుగర్ వెంట వస్తోందన్నమాట. అయినా మందుల గది చూస్తే చాలాచోట్ల మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, రెండు మూడు రకాల ఇన్సులిన్ దగ్గరే ఆగిపోతాం.

జాతీయ అత్యవసర మందుల జాబితాను 2022 సెప్టెంబరులో సవరించినప్పుడు టెనెలిగ్లిప్టిన్‌ను, దీర్ఘకాలిక ఇన్సులిన్ గ్లార్జిన్‌ను చేర్చారు. అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో గ్లిఫ్లోజిన్లను చేర్చింది. ఇవి ఖరీదైన మందులన్న సాకు కూడా పోయింది. మన దేశంలో విల్డాగ్లిప్టిన్ పేటెంట్ 2019 చివర్లో, సీటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. జనరిక్ మాత్రలు వచ్చి ధరలు బాగా దిగాయి. జాబితాలో పేరుంటే చాలదు. తాలూకా స్థాయి ఆసుపత్రి మందుల గదిలో స్ట్రిప్పులుండాలి. 

దానికంటే ముఖ్యమైనవి మరో మూడున్నాయి. రాత్రి కూడా అయిపోని గ్లూకోమీటరు స్ట్రిప్పులు. ‘సూది - భోజనం’ వేళలు పక్కపక్కనే రాసే ఒక చార్టు. ఇంకొకటి, అడ్మిషన్ షీటులో ‘ఇంటి మాత్రలు: ఆపినవి, ఉంచినవి’ అని రెండు గడులు. ఈ మూడో దానికి పెద్దగా ఖర్చేమీ లేదు. అది ఉండి ఉంటే ఆ టీచరుగారి రాత్రి వేరేగా గడిచేది.

కుటుంబం చేయాల్సింది

ఇంట్లో షుగర్ పేషెంటు ఉంటే ఈరోజే ఒక పని చేయండి. వాడుతున్న ప్రతి స్ట్రిప్పునూ వెనక్కి తిప్పి, మందు పేర్లు కనిపించేలా ఫోనులో ఫొటో తీసుకోండి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే వాళ్ళకూ పంపండి. అర్ధరాత్రి అంబులెన్సులో సంచి మర్చిపోయినా ఫోను మర్చిపోం.

అడ్మిట్ అయిన రోజు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మాత్రల్లో ఏవి ఆపారు, ఏవి ఉంచారు? సూది ఎన్ని గంటలకు, అన్నం ఎన్ని గంటలకు? కిడ్నీ పరీక్ష ఎలా ఉంది? హెచ్‌బీఏ1సీ చేశారా? ఇవి అడిగితే డాక్టరు విసుక్కోకూడదు. విసుక్కున్నా మళ్ళీ అడగండి.

ఆసుపత్రిలో ఉన్నంతకాలం డాక్టరుకు చెప్పకుండా ఒక్క షుగర్ బిళ్ళ కూడా ఇవ్వకండి. సూది వేసే ముందు టిఫిన్ చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే ‘సిస్టర్, ఇంకా తినలేదు’ అని చెప్పండి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కనిపిస్తే జ్వరం దిగుతోందని ఊరుకోకండి. వెంటనే వేలి పరీక్ష అడగండి. 70 కంటే తక్కువుంటే అది ఎమర్జెన్సీ. మెలకువగా ఉండి మింగగలిగితే గ్లూకోజు నీళ్ళు తాగించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి.

ఇంటికి వెళ్ళే రోజు ఇంకో జాగ్రత్త. ఆసుపత్రిలో ఆపిన మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జ్ షీటులో రాయించుకోండి. రాయకపోతే కొందరు రెండు నెలలైనా మొదలుపెట్టరు. కొందరు పాత మాత్రలూ, కొత్త ఇన్సులిన్ కలిపి వేసుకుని మళ్ళీ మా దగ్గరికే వస్తారు. హెచ్‌బీఏ1సీ ఇక్కడ దారి చూపిస్తుంది. అది 7 దగ్గర ఉందంటే ఇంట్లో వైద్యం బాగానే నడుస్తోందని, ఆసుపత్రిలో పెరిగింది జబ్బు ఒత్తిడి వల్లనని అర్థం. కిడ్నీలు సహకరిస్తే పాత మాత్రలకే వెళ్ళవచ్చు. 9 దాటితే మాత్రం ఇంటి వైద్యమే చాలడం లేదని, కొంతకాలం ఇన్సులిన్ ఇంటికీ రావాలని అర్థం. రక్తహీనత ఉన్నా, రక్తం ఎక్కించినా ఈ అంకె తప్పు చూపించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి.

ఇప్పుడు నేను రౌండ్లో మంచం దగ్గరికి వెళ్ళగానే కేసు షీటు కంటే ముందు సంచి అడుగుతాను. ‘‘అమ్మా, ఆ మాత్రల కవరు ఒకసారి ఇట్ల తీ.’’ మొదట్లో కొందరు దాచేవాళ్ళు, తిడతానేమోనని. ఇప్పుడు చాలామంది నేను అడగకముందే మంచం మీద పరిచి పెడుతున్నారు. ఆపాల్సిన వాటిని ఒక పక్కకు, ఉంచాల్సిన వాటిని ఇంకో పక్కకు జరిపి, ఎందుకో రెండు ముక్కల్లో చెబుతాను. మంచానికి రెండు నిమిషాలు పడుతుంది. తెల్లవారుజామున మూడింటి ఫోన్లు మాత్రం బాగా తగ్గాయి.